జపనీస్‌లో ఎవరైనా మర్యాదగా పలకరిస్తే ఏం బదులివ్వాలి?

జపనీస్ క్లాసులో చేరిన మొదటి వారంలోనే పలకరింపులు నేర్పేస్తారు. ‘ఒహయో గొజైమస్’ అంటే శుభోదయం, ‘అరిగతో గొజైమస్’ అంటే ధన్యవాదాలు. అంతవరకూ సులువే. అసలు ఇబ్బంది అవతలివాళ్లు మనతో ఒక మాట అన్నప్పుడు మొదలవుతుంది. తిరిగి అదే మాట అనాలా, వేరే మాట ఏదైనా ఉందా, తల ఊపితే సరిపోతుందా అని ఆలోచించేలోపే వాళ్లు వెళ్లిపోతారు. జపనీస్‌లో రోజూ వాడే మర్యాద మాటలు చాలావరకు జంటలుగా ఉంటాయి. మొదటి సగం ఒకరిది, రెండో సగం ఎదుటివారిది. అందుకే ఏ మాటనూ ఒంటరిగా బట్టీ పట్టకండి. ఏ చోట, ఎవరు, ఎవరితో అంటారో చూసి, దాని జవాబుతో కలిపి నేర్చుకోండి.

టోక్యోలో నిషి కసై చుట్టుపక్కల ఇల్లు తీసుకున్న ఐటీ ఉద్యోగికైనా, 2019 ఏప్రిల్‌లో మొదలైన ‘తొకుతే గినో’ (నిర్దిష్ట నైపుణ్యం ఉన్న పనివారి) వీసా మీద వృద్ధుల సంరక్షణ పనికి వెళ్తున్నవారికైనా, శ్రీసిటీలో జపాన్ కంపెనీ మేనేజర్లతో రోజూ మాట్లాడాల్సినవారికైనా కింద చెప్పినవే ఎక్కువగా అవసరమవుతాయి.

1. ముందు నోరు తిప్పుకోండి

పలకడంలో తెలుగువాళ్లకు మంచి వీలుంది. ఎ–ఏ, ఒ–ఓ తేడా మన లిపిలోనే ఉంది, జపనీస్‌కూ అదే కావాలి. ‘ఒబసన్’ అంటే అత్త లేదా పిన్ని. ‘ఒబాసన్’ అంటే బామ్మ, అమ్మమ్మ. దీర్ఘం ఒక్కటి జారితే వరుసే మారిపోతుంది. ఒత్తులూ అంతే. ‘కితె’ అంటే రమ్మనడం, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల.

త, ద అని ఉన్నచోట త, ద అనే పలకండి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ చేయకండి. ‘త్సు’ అన్నచోట మనం ‘చుక్క’, ‘చుట్టం’ అన్నప్పుడు పలికే చు తెచ్చుకోండి. ‘గొజైమస్’, ‘దోజొ’, ‘వజవజ’లలోని జ, ‘ఒజోజు’ చివరి జు, ‘జడ’లోని జలాంటివి. మిగతా చోట్ల చిలుకలోని చ, జిల్లాలోని జ వాడితే సరిపోతుంది. రాతలో ‘దెసు’, ‘మసు’ అని ఉన్నా చివరి ఉకారం దాదాపు వినిపించదు కాబట్టి ఇక్కడ ‘దెస్’, ‘మస్’ అనే రాస్తున్నాను. అలాగే ‘మషిత’ అని రాసేది వినడానికి ‘మష్త’లా ఉంటుంది.

మాటతోపాటు తల వంచడమూ నేర్చుకోవాలి. దారిలో ఎదురైన సహోద్యోగికి 15 డిగ్రీలు, క్లయింటుకు 30, పెద్ద క్షమాపణకు 45 అని అక్కడి ఆఫీసు శిక్షణల్లో చెబుతారు. మాట పూర్తిచేశాక వంగమని కూడా చెబుతారు, వంగుతూ మాట్లాడితే గొంతు నేలకు వినిపిస్తుంది కాబట్టి. మీరు కొలతలేమీ పెట్టుకోనక్కర్లేదు. ఎదుటివాళ్లు ఎంత వంగారో మీరూ అంత వంగండి చాలు.

2. గడప దగ్గర మాటలతో మొదలుపెట్టండి

మనకు అన్నిటికన్నా త్వరగా వచ్చేవి ఇవే. ఇంట్లోంచి బయల్దేరేవారు ‘ఇత్తె కిమస్’ అంటారు. అక్షరాలా మన ‘వెళ్లొస్తాను’. ఇంట్లో ఉన్నవారు ‘ఇత్తెరష్షై’ అనాలి, వెళ్లి రండి అని. తిరిగొచ్చినవారు ‘తదైమ’ అంటే, లోపలివారు ‘ఒకయెరినసై’ అంటారు. హాస్టల్‌లోనో షేరింగ్ ఫ్లాట్‌లోనో ఉంటే మొదటి రోజునుంచే ఈ నాలుగూ వాడండి. ఆఫీసులో కూడా బయట పనికి వెళ్లేటప్పుడు ‘ఇత్తె కిమస్’ అంటే లోపల ఉన్నవాళ్లు ‘ఇత్తెరష్షై’ అంటారు.

ఇంటి బయట పొరుగువారు ఎదురై, ‘ఒదెకకె దెస్ క’ అంటే బయటికి వెళ్తున్నారా అని అడిగినట్టు. ఎక్కడికో, ఎందుకో వివరంగా చెప్పకండి. ‘ఎఎ, చొత్తొ సొకొ మదె’ అంటే సరిపోతుంది. ‘ఇక్కడిదాకా’ అని మనమూ అంటాం కదా, అదే. వాళ్లకు మీ గమ్యంతో పని లేదు. ‘ఈ ఒతెన్కి దెస్ నె’, అంటే వాతావరణం బాగుంది కదండీ అంటే ‘సో దెస్ నె’ అనండి. ‘సముయి దెస్ నె’ అంటే చలిగా ఉందనడం, దానికీ ‘సో దెస్ నె’ అన్నదే జవాబు. ఎండ, చలి, వాన గురించి ఇలా రెండు ముక్కలు అనుకోవడమే అక్కడ పొరుగు పలకరింపు.

ఒక మాట. పుస్తకాల్లో మొదటి పాఠంలో కనిపించే ‘ఒగెన్కి దెస్ క’, అంటే బాగున్నారా, అన్నది రోజూ కనిపించే మనిషిని అడిగేది కాదు. చాన్నాళ్లకు కలిసినవారిని అడుగుతారు. ఎవరైనా మిమ్మల్ని అడిగితే ‘హై, ఒకగెసమ దె’ అనండి. మీ దయవల్ల బాగున్నాను అని దాని భావం.

3. ఆఫీసులో వాడేవి నేర్చుకోండి

ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. మర్యాద భాష ఇక్కడే చిక్కగా ఉంటుంది. జపాన్ సాంస్కృతిక మండలి 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మర్యాద భాషను ఐదు రకాలుగా విడదీశాయి. ఎదుటివారిని పెంచి చెప్పేవి, మనల్ని తగ్గించి చెప్పేవి, ఇలా. అన్నీ వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవద్దు. ఉద్యోగంలో మొదటి నెలలకు చివర ‘దెస్’, ‘మస్’ ఉండే మాటలు, కింద చెప్పే కొన్ని జంటలు చాలు.

పరిచయంతో మొదలుపెడదాం. ‘హజిమెమష్తె’ అని, పేరు చెప్పి ‘దెస్’ చేర్చి, ‘యొరొషికు ఒనెగై షిమస్’ అని ముగించాలి. ఎదుటివారు మీతో అలా అంటే ‘కొచిర కొసొ, యొరొషికు ఒనెగై షిమస్’ అనండి. నేనే ఆ మాట అనాలి అన్నట్టు. విజిటింగ్ కార్డు ఇస్తే రెండు చేతులతో తీసుకుని, ‘చోదై ఇతషిమస్’ అని, ఒక్క క్షణం చదివి, మీటింగ్ అయ్యేదాకా బల్లమీద మీ ముందే ఉంచండి. జేబులో వెంటనే పెట్టుకోవద్దు.

ఎదుటివారి పేరుకు ‘సన్’ చేర్చాలి, మీ పేరుకు మాత్రం ఎప్పుడూ చేర్చకూడదు. ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతి ఇంటిపేరు. అక్కడ మనుషుల్ని ఇంటిపేరుతో పిలుస్తారు. పాస్‌పోర్టులో వేమూరి ఇంటిపేరుగా, సునీత పేరుగా ఉంటే ఆమె ఆఫీసంతటికీ ‘వేమూరి సన్’ అయిపోతుంది. ఊళ్లో ఎవరూ అలా పిలిచి ఉండరు కాబట్టి వెనకనుంచి పిలిచినా ఆమె పలకదు. మొదటిరోజే ‘సునీత తొ యొందె కుదసై’, అంటే సునీత అని పిలవండి అని చెప్పేయండి. సంతోషంగా ‘సునీత సన్’ అంటారు. మీరు మాత్రం వాళ్లను ఇంటిపేరుతోనే పిలవండి.

ఉదయం రాగానే అందరికీ వినిపించేలా ‘ఒహయో గొజైమస్’ అనండి. జవాబు కూడా అదే మాట. పైవారితో ఉత్త ‘ఒహయో’ అని ఆపకూడదు. ‘కొన్నిచివ’ని సాధారణంగా సొంత ఆఫీసు మనుషులతో అనరు. మధ్యాహ్నం కారిడార్‌లో ఎదురైతే, వాళ్ల ఫోన్ ఎత్తితే, సాయంత్రం విడిపోతే, అన్నిటికీ ‘ఒత్సుకరెసమ దెస్’ ఉంది. మీ శ్రమను గుర్తించాను అని దాని వెనక ఉన్న భావం. జవాబు కూడా ‘ఒత్సుకరెసమ దెస్’. దీనికి దగ్గరగా వినిపించే ‘గొకురోసమ’ ఒకటుంది. అది పైవారు కిందివారితో అనేది. మీ మేనేజర్‌తో అనకండి.

ముందుగా ఇంటికి వెళ్లేటప్పుడు చెప్పకుండా బ్యాగు తగిలించుకుని పోకూడదు. ‘ఒసకి ని షిత్సురే షిమస్’ అనాలి. మీకన్నా ముందు వెళ్తున్నందుకు మన్నించండి అని. ఉండిపోయినవారు ‘ఒత్సుకరెసమ దెష్త’ అంటారు. ఎవరైనా మీతో మొదటిది అంటే మీరు రెండోది అనండి. ఈ జంట తప్పకుండా రావాలి. ఆఫీసులో కొత్త మనిషిని మనవాడిగా కలుపుకునేది ఇలాంటి చిన్న మాటలతోనే అని నా నమ్మకం.

పని చెప్పినప్పుడు ‘షోచి షిమష్త’ అనండి. ‘వకరిమష్త’ అన్నా ఫర్వాలేదు. ‘ర్యోకై దెస్’ తోటివారి మధ్య బాగుంటుంది, పైవారితో అంత బాగుండదని చాలామంది భావిస్తారు. ఎవరైనా మీ దగ్గరికొచ్చి ‘ఇమ, యొరొషీ దెస్ క’, అంటే ఇప్పుడు మాట్లాడొచ్చా అంటే ‘హై, దోజొ’ అనండి.

బయటి కంపెనీవారు ఫోన్‌లో ‘ఒసెవ ని నత్తె ఒరిమస్’ అంటారు. మీ సహకారం పొందుతున్నాం అని అర్థం. మీరు ‘కొచిర కొసొ, ఒసెవ ని నత్తె ఒరిమస్’ అనాలి. ‘మొషి మొషి’ ఇంటి ఫోన్లకు, స్నేహితులకు సరే, ఆఫీసు ఫోన్‌లో వద్దు.

అన్నిటికన్నా మనకు మనసొప్పనిది ఇంకొకటుంది. బయటివారితో మాట్లాడేటప్పుడు మీ సొంత బాస్ పేరుకు ‘సన్’ తీసేయాలి. ‘తనక సన్ ఉన్నారా?’ అని క్లయింటు అడిగితే ‘తనక వ గైషుత్సు షితె ఒరిమస్’, అంటే తనక బయటికి వెళ్లాడు అన్న ధోరణిలో చెప్పాలి. పెద్దవాళ్లను వెనకాల కూడా ‘గారు’ లేకుండా అనని ఇంట్లో పెరిగినవారికి నోరు రాదు. కానీ అక్కడ బయటివారి ముందు మన కంపెనీ అంతా ఒకే ఇల్లు. మన ఇంటివాళ్లను మనమే పెంచి చెప్పుకోకూడదన్నది లెక్క. బాస్ పక్కనే కూర్చుని విన్నా ఏమీ అనుకోరు. ‘సన్’ చేర్చితేనే ఇబ్బంది పడతారు.

4. షాపులో, హోటల్లో

షాపులోకి అడుగు పెట్టగానే ‘ఇరష్షైమసె’, దయచేయండి అంటారు. దీనికి జవాబు లేదు. తిరిగి అనకూడదు. కావాలంటే కొంచెం తల ఊపండి, లేకపోయినా అమర్యాద కాదు. జంటల నియమానికి ఇది మినహాయింపు.

కౌంటర్ దగ్గర ప్రశ్నలు గబగబా వస్తాయి. ఆ వాక్యాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి మొదటి పదం పట్టుకుంటే చాలు. ‘ఫుకురొ’ వినిపిస్తే సంచి. ప్లాస్టిక్ సంచులకు డబ్బు తీసుకోవడం 2020 జూలై 1నుంచి తప్పనిసరి చేశారు కాబట్టి ప్రతిచోటా అడుగుతారు. ‘పొయింతొ కాదొ’ వినిపిస్తే పాయింట్ల కార్డు ఉందా అని. ‘అతతమెమస్ క’ అంటే భోజనం డబ్బా వేడిచేయమంటారా అని. కావాలంటే అన్నిటికీ ‘ఒనెగై షిమస్’. వద్దంటే ‘దైజోబు దెస్’. కార్డు లేదనడానికి ‘మొత్తె ఇమసెన్’.

‘దైజోబు దెస్’తో కొంచెం జాగ్రత్త. ఫర్వాలేదు అని దాని అర్థం కాబట్టి కావాలనో వద్దనో తేలక సిబ్బంది ఆగిపోవచ్చు. అనేటప్పుడు అరచేతిని ముఖం ముందు నిలువుగా పట్టి కొంచెం అటూ ఇటూ ఊపండి. వద్దని స్పష్టంగా తెలిసిపోతుంది. ‘కెక్కో దెస్’ కూడా వద్దనడమే, కాస్త బిగుతుగా వినిపిస్తుంది.

‘సంచి అక్కర్లేదా?’ అన్నట్టు ‘ఫుకురొ వ ఇరనై దెస్ క’ అని అడిగితే, అక్కర్లేనప్పుడు ‘హై’ అనాలి. అవును, అక్కర్లేదు అని. తెలుగులో ఆలోచిస్తే ఇది తప్పిపోదు, మనమూ ‘అవును, వద్దు’ అనగలం. మనసులో ఇంగ్లీషు వాక్యం కట్టుకుంటేనే తిరగబడుతుంది.

హోటల్లో ‘నన్మేసమ దెస్ క’, అంటే ఎంతమంది అని. ‘హితొరి దెస్’ ఒక్కరు, ‘ఫుతరి దెస్’ ఇద్దరు, ‘సన్నిన్ దెస్’ ముగ్గురు. వేళ్లు చూపించినా చాలు. ఫాస్ట్‌ఫుడ్ చోట్ల ‘కొచిర దె ఒమెషిఅగరి దెస్ క’ అని అడుగుతారు, ఇక్కడే తింటారా అని. 2019 అక్టోబర్‌నుంచి అక్కడే తింటే 10 శాతం పన్ను, పార్శిల్ అయితే 8 శాతం. అందుకే ఆ ప్రశ్నకు స్పష్టంగా చెప్పండి. తినేట్టయితే ‘హై, కొకొ దె’, పార్శిల్‌కు ‘మొచికయెరి దె ఒనెగై షిమస్’.

శాకాహారులైతే ‘సుమిమసెన్, నికు తొ సకన వ తబెరరెమసెన్’ అన్న వాక్యం నోటికి వచ్చేదాకా అనుకోండి. మాంసం, చేపలు తినలేను అని. ‘దైజోబు దెస్’ అని వాళ్లు అన్నా ‘దషి మొ దెస్ క’ అని ఇంకోసారి అడగండి. దషి అనే రసాన్ని ఎక్కువగా చేపతో కాస్తారు. మిసో సూప్‌లో, నూడుల్స్‌లో అది ఉంటుంది. చాలామంది వంటవాళ్లు దాన్ని చేప కింద లెక్కించరు.

బిల్లుకు ‘ఒకైకే ఒనెగై షిమస్’. టిప్ ఇవ్వరు, బల్లమీద వదిలితే మరిచిపోయారని వెంటపడి తెచ్చిస్తారు. దానికి బదులు వెళ్తూ ‘గొచిసోసమ దెష్త’, మంచి భోజనానికి ధన్యవాదాలు అనండి. ‘అరిగతో గొజైమష్త’ అని వంటింట్లోంచి కూడా జవాబు వస్తుంది.

5. ‘సుమిమసెన్’ను మూడు చోట్లా వాడండి

ఒక్క మాటే నేర్చుకునే తీరిక ఉంటే ఇది నేర్చుకోండి. ఎవరినైనా పిలవడానికి, చిన్న తప్పుకు మన్నింపుకు, మనకోసం ఎవరైనా శ్రమపడితే ధన్యవాదంగా కూడా ఇదే. కిక్కిరిసిన రైలులో దిగాలంటే ‘సుమిమసెన్, ఒరిమస్’ అనండి, దారి వస్తుంది. మీకు ఎవరైనా తలుపు పట్టుకుంటే ‘సుమిమసెన్’. లిఫ్ట్ దగ్గర ‘ఒసకి ని దోజొ’, ముందు మీరు అంటే అప్పుడూ ‘సుమిమసెన్’ అని కదలండి.

ఎవరైనా మీతో ‘సుమిమసెన్’ అంటే ‘ఇఎ ఇఎ’ అనండి. అయ్యో, దానికేముంది అన్నట్టు. రైలులో సీటిస్తూ మీరు ‘దోజొ’ అంటే పెద్దవారు ‘సుగు ఒరిమస్ కర’, ఇప్పుడే దిగిపోతాను అని వద్దనవచ్చు. బలవంతం చేయకండి.

‘గొమెన్ నసై’ ఇంటివారితో, స్నేహితులతో. ఆఫీసులో నిజంగా నష్టం జరిగితే ‘మోషివకె గొజైమసెన్’. ఆ తర్వాత కారణాల చిట్టా విప్పకుండా ముందు ఏం సరిచేస్తారో చెప్పండి.

6. ధన్యవాదానికి, పొగడ్తకు జవాబు

ధన్యవాదానికి జవాబుగా పుస్తకంలో ఉండే ‘దో ఇతషిమష్తె’, అంటే దానికేముంది, తప్పు కాదు గానీ మామూలు మాటల్లో తక్కువగా వినిపిస్తుంది. బాస్ ధన్యవాదాలు చెప్పినప్పుడు అది కొంచెం పైనుంచి అన్నట్టు ఉంటుంది. ‘ఇఎ ఇఎ, కొచిర కొసొ’ అన్నది ఎక్కడైనా అతుకుతుంది.

మనకు బొత్తిగా అలవాటు లేనిది రెండోసారి చెప్పడం. ఎవరైనా భోజనం పెట్టించినా, సాయం చేసినా అప్పుడు చెప్పడంతో అయిపోదు. మళ్లీ కలిసినప్పుడు మొదటి మాటగా ‘సెంజిత్సు వ అరిగతో గొజైమష్త’, ఆ రోజుకు ధన్యవాదాలు అనాలి. దగ్గరివాళ్లకు థాంక్స్ చెబితే పరాయి చేసినట్టు ఉంటుందని పెరిగిన మనకు ఇది గుర్తుండదు. గుర్తు పెట్టుకోండి, వాళ్లు గమనిస్తారు.

మీరు రెండు ముక్కలు మాట్లాడగానే ‘నిహొంగొ ఒజోజు దెస్ నె’, మీ జపనీస్ బాగుంది అంటారు. ‘అరిగతో గొజైమస్. మద మద దెస్’ అనండి. ఇంకా చాలా నేర్చుకోవాలి అని. ఉత్తగా ‘హై’ అంటే గొప్పలు పోయినట్టు ఉంటుంది.

7. తినేటప్పుడు, ఒకరింటికి వెళ్లినప్పుడు

తినేముందు చేతులు జోడించి ‘ఇతదకిమస్’, అంటే స్వీకరిస్తున్నాను అని, అయ్యాక ‘గొచిసోసమ దెష్త’. వండినవారు ‘ఒసొమత్సుసమ దెష్త’ అంటారు, ఏదో సాదాగా చేశాను అని. మీరు వండిపెట్టినప్పుడు ఆ మాట మీది.

ఇంటి లోపలికి ‘దోజొ, ఒఅగరి కుదసై’ అని పిలిస్తే ‘ఒజమ షిమస్’, మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను అని, గెన్కన్‌లో, అంటే గుమ్మం లోపలి పల్లపు చోట చెప్పులు విడిచి ఎక్కండి. తిరిగి వెళ్తూ ‘ఒజమ షిమష్త’. తీసుకెళ్లిన స్వీట్లు ఇస్తూ ‘హొన్ నొ కిమొచి దెస్ గ’, ఏదో చిన్న కానుక అంటే చాలు. మీకు ఎవరైనా తెస్తే ‘వజవజ సుమిమసెన్’, ఎందుకండీ శ్రమ అన్నట్టు. జబ్బు చేసినవారితో ‘ఒదైజి ని’, ఆరోగ్యం జాగ్రత్త అంటారు. మందుల షాపులో మీతో అంటే ‘అరిగతో గొజైమస్’. డిసెంబర్ చివర ‘యొయి ఒతొషి ఒ’, కొత్త ఏడాది బాగుండాలి అంటే అదే తిరిగి అనండి. ఇంట్లో ఎవరైనా చనిపోయిన ఏడాది ఆ కుటుంబానికి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పరు.

8. వద్దన్న సంగతి వినండి

‘లేదు’ అని ముఖంమీద అనరు. ఆదివారం భోజనానికి రమ్మని పిలిస్తే ‘సొనొ హి వ చొత్తొ…’ అని మధ్యలో ఆపుతారు. ఆ రోజు కాస్త… అని. వాక్యం అక్కడితో పూర్తయినట్టే. ఏం పని, సాయంత్రమైనా వస్తారా అని మనవాళ్లు ప్రేమతోనే గుచ్చిగుచ్చి అడుగుతారు, అక్కడ అది ఇబ్బంది పెడుతుంది. ‘సో దెస్ క. జ, మత కొందొ’, అంటే సరే, ఇంకోసారి అని వదిలేయండి. మీరు వద్దనాలన్నా ఇదే వాక్యం వాడుకోవచ్చు. మీటింగ్‌లో ‘కెంతో షిమస్’, పరిశీలిస్తాం అని మాత్రమే అంటే ఒప్పుకున్నారని ఇంటికి ఫోన్ చేయకండి.

9. అర్థం కాకపోతే

మీరు చెబుతున్నంతసేపూ వాళ్లు ‘హై, హై’ అంటుంటారు. వింటున్నాను అని మాత్రమే, ఒప్పుకుంటున్నాను అని కాదు. మీరూ అలాగే ఊకొట్టాలి, మౌనంగా ఉంటే విన్నారో లేదో అనుకుంటారు. కానీ అర్థం కానప్పుడు ‘హై’ అని దాటేయవద్దు. ‘సుమిమసెన్, మో ఇచిదొ ఒనెగై షిమస్’, ఇంకోసారి చెప్పండి అనండి. అప్పటికీ అందకపోతే ‘యుక్కురి ఒనెగై షిమస్’, నెమ్మదిగా అనండి. చెప్పింది తేదీయో వేళో అయితే మీరు విన్నది తిరిగి పలికి చివర ‘దెస్ నె’ చేర్చండి, సరైతే ‘హై, సో దెస్’ అంటారు. చివర్లో ‘తసుకరిమష్త’, పెద్ద సాయం చేశారు అని చెప్పి కదలండి.